మూరెడు ట్రక్కు, నిలువులోతు గుంట

నల్లగరువు పురపాలక సంఘానికి ఒక ట్రక్కు ఉంది. పొడవు మూరెడు, ఎత్తు జానెడు. బ్యాటరీతో నడుస్తుంది. రిమోటు చేత్తో పట్టుకుని దూరం నుంచి తోలుకోవచ్చు. బురదలోనూ రాళ్ళ మీదా నిక్షేపంగా పోతుంది. ముందు రెండు దీపాలు, నెత్తిన గోలీకాయంత కెమెరా. ఆ ఊళ్ళో దాన్ని ఎవరూ బొమ్మ అనరు. అనకూడదు. ఎందుకనకూడదో తెలియాలంటే ముందు సంతవీధి సంగతి చెప్పుకోవాలి.

సంతవీధి కింద ఒక మురుగు గొట్టం ఉంది. అది ఎక్కడో పూడిపోయింది. వాన గట్టిగా పట్టిందంటే గొట్టంలో పోవలసిన నీళ్ళు వీధిలోకి వస్తాయి, వీధిలో నిలవలేనివి తాయారమ్మ గారి మెస్సులోకి వస్తాయి. ఎక్కడ పూడిందో చూడాలంటే రోడ్డు తవ్వాలి. రోడ్డేమో రోడ్ల శాఖది. గొట్టం పురపాలక సంఘానిది. రోడ్డుకీ గొట్టానికీ మధ్యనున్న మట్టి ఎవరిదన్నది ఇంకా తేలలేదు. తేలేదాకా అక్కడ ఎవరూ గునపం వెయ్యకూడదన్న ఒక్క విషయంలో మాత్రం రెండు ఆఫీసులూ ఏకాభిప్రాయానికి వచ్చాయి.

ఇలాంటి ఊరికి సువర్చల అసిస్టెంట్ ఇంజనీరుగా బదిలీ మీద వచ్చింది. రోడ్డు తవ్వనివ్వకపోతే పోనీ, మూత తీసి గొట్టంలోకి ఒక చిన్న బండిని పంపి కెమెరాతో చూద్దామని ఆలోచించింది. ఆలోచన బాగానే ఉంది. బండీ వచ్చింది. వచ్చిన రోజున స్టోర్సు గుమాస్తా అట్టపెట్టె మీదున్న మాట చూసి పుస్తకంలో 'ట్రక్కు, ఒకటి' అని రాసుకున్నాడు. మర్నాడే ఆయన దండ వేయించుకుని రిటైరైపోయాడు. రాసినవాడే దిద్దాలన్నది ఆఫీసు ఆనవాయితీ గనక ఆ మాట ఇంక ఎవరూ దిద్దే వీల్లేకుండా స్థిరపడిపోయింది.

మొదటిసారి గొట్టంలోకి వెళ్ళినప్పుడు ట్రక్కు బాగానే వెళ్ళింది. సైకిలు షాపు కిందకి వచ్చేసరికి ఎదురుగా ఏదో రంగురంగుల అడ్డు కనబడింది. అదేమిటో తేలేలోపలే చక్రాలు మొరాయించాయి. తాడు కట్టి పంపింది కాబట్టి సువర్చల దాన్ని వెనక్కి లాక్కుని, కడిగి, తువ్వాలులో చుట్టుకుని, నేరుగా తాయారమ్మ గారి మెస్సుకి పట్టుకొచ్చి బల్ల మీద తిరగేసింది.

జబ్బు ఎక్కడుందో తిరగెయ్యగానే తెలిసింది. ఆ బండి కింద ముందొకటి, వెనకొకటి డ్రైవ్ షాఫ్టులుంటాయి. మోటారు తిప్పితే షాఫ్టు తిరగాలి, షాఫ్టు తిరిగితే చక్రాలు తిరగాలి. షాఫ్టు పెన్సిలు కంటే సన్నం. రెండు చివరలా కీళ్ళు, కీలుకి గుండుసూదంత పిన్ను. వాటి చుట్టూ వెంట్రుకలూ దారాలూ ప్లాస్టిక్ పీలికలూ జడలా పెనవేసుకుని ఉన్నాయి. అలాగే వదిలేస్తే పిన్ను తెగుతుంది, తెగితే మోటారు గింగిర్లు తిరుగుతుంది గానీ బండి అంగుళం కదలదు. సువర్చల పట్టకారుతో ఒక్కొక్క దారం లాగింది, పాత పళ్ళ బ్రష్షుతో ఇసక దులిపింది, షాఫ్టు విప్పి పొడిగుడ్డతో తుడిచింది, కీలుకొక చుక్క నూనె వేసింది. ఆ పని ఆమెకి మహా సరదాగా ఉంది.

"అమ్మాయ్, ఆ చిక్కులు తర్వాత తీద్దువుగాని. ముందు పెసరట్టు చల్లారిపోతోంది," అంది తాయారమ్మ.

"అయిపోయింది పిన్నిగారూ. ఇంకొక్కసారి లోపలికి పంపితే ఆ అడ్డేమిటో తేలిపోతుంది."

తాయారమ్మ ఎదురుగా కూర్చుంది. మామూలుగా ఆవిడ కూర్చోదు. "ఇదుగో, ఈ మాట ఇంకెవరితోనూ అన్లేదు. ఈ వానాకాలం నీళ్ళు గడప దాటి లోపలికొచ్చాయంటే ఇంక నా వల్ల కాదమ్మా. పోయినేడు గ్రైండరు కాలిపోయింది, పిండి బస్తాలు పడవల్లా తేలాయి. తాళం వేసేసి తణుకులో మా చెల్లెలింటికి పోతాను."

సువర్చల చేతిలో పట్టకారు ఆగిపోయింది. ఊరికి కొత్తగా వచ్చి జ్వరపడితే మిరియాల చారు గిన్నెతో గది తలుపు తట్టింది ఈవిడే. ఈ మెస్సు మూసేస్తే నల్లగరువులో తనకి సొంతం అనుకోడానికి ఏమీ మిగలదు. "నీళ్ళు రావు పిన్నిగారూ. నేను రానివ్వను," అనేసింది.

పక్కబల్ల దగ్గర ఉప్మా పెసరట్టు తింటున్న గవర్రాజు గారు ఇదంతా చూశారు. ఆయన పురపాలక సంఘం వాహన విభాగానికి సూపరింటెండెంటు. నిబంధన ఎదుట పడితే నమస్కారం పెట్టే రకం. ఆయన తాయారమ్మ మాటలు విన్నారో లేదో గానీ, బల్ల మీద విప్పి పడున్న షాఫ్టుల్ని మాత్రం కళ్ళు పెద్దవి చేసుకుని చూశారు.

మర్నాడు పొద్దున్నే కమిషనరు గారి నుంచి కబురొచ్చింది. కమిషనరు పరబ్రహ్మం గారు ఇంట్లో కాఫీ కావాలన్నా ఆఫీసు ఉత్తర్వు భాషలోనే అడుగుతారని ప్రతీతి.

"ప్రభుత్వ వాహనము యొక్క డ్రైవ్ షాఫ్టులను బహిరంగ ప్రదేశమందు, అల్లపు చట్నీ సమీపమున, ఏ విధమైన అధికారమూ లేకుండా విప్పియున్నట్లు మా దృష్టికి వచ్చినది," అన్నారాయన.

గవర్రాజు గారు పక్కన నిలబడి కిటికీలోంచి బయటికి చూస్తున్నారు.

"సార్, దారాలు చుట్టుకుంటే తీశానండి. చేతిలో పట్టుకుపోయే బండికి..."

"భారీ వాహనమును చేతిలో పట్టుకుపోవుట మరియొక ఉల్లంఘన."

"భారీ వాహనం కాదు సార్! అది ఒట్టి బొమ్మలాంటిది."

పరబ్రహ్మం గారు కుర్చీలో ముందుకి వంగారు. "ప్రజాధనముతో బొమ్మను కొనుగోలు చేసినట్లు ఈమె అంగీకరించుచున్నారు. గవర్రాజు గారూ, రాసుకొనుడు."

సువర్చల రెండు చేతులూ అడ్డంగా ఊపింది. "అయ్యో, బొమ్మ కాదండి! ట్రక్కే. ట్రక్కేనండి!"

"ట్రక్కు అని ఇప్పుడు అంగీకరించుచున్నారు. సంతోషము. ట్రక్కు అయినచో భారీ వాహనముల నిర్వహణ నియమావళి ఆసాంతము వర్తించును. ఇకపై షాఫ్టుల మీద మీరు చేయి వేయరాదు."

అలా ఆ బండి ట్రక్కయింది. ట్రక్కు కాగానే దానికి డ్రైవరు వచ్చాడు.

వీరభద్రం చెత్త లారీ తోలినవాడు. లారీ ముసలిదైందని తుక్కుకి పంపేశాక షెడ్డులో ఖాళీ స్టూలు మీద కూర్చుని గోళ్ళు గిల్లుకుంటున్నాడు. ట్రక్కు ఇచ్చారని తెలియగానే ఖాకీ బట్టలు ఇస్త్రీ చేయించుకుని, మీసం దువ్వుకుని వచ్చి నిలబడ్డాడు. ట్రక్కుని చూశాడు. తర్వాత వంగి దానికి దణ్ణం పెట్టాడు.

"చిన్నదైతే ఏంటండీ మేడం గారూ, బండి బండేనండి. ఆయ్, మీరేం బెంగెట్టుకోకండి," అన్నాడు.

కొత్త బండికి పూజ చెయ్యకుండా రోడ్డెక్కించడం వీరభద్రానికి ఇష్టం లేదు. పంతులు గారొచ్చి పసుపు రాసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. నిమ్మకాయ చక్రమంత ఉంది. ట్రక్కు నాలుగు నిమ్మకాయల మీదా పీట ఎక్కినట్టు ఎక్కి కూర్చుని, రిమోటు ఎంత నొక్కినా దిగనంది. వీరభద్రం గట్టిగా నొక్కితే పక్కకి దొర్లిపడింది. అందరూ అపశకునం అన్నారు. పంతులు గారు కాసేపు ఆలోచించి, వాహనం పరిమాణాన్ని బట్టి చిన్న రాచ ఉసిరికాయ పెట్టినా దోషం లేదని తీర్పిచ్చారు. ఉసిరికాయలు చితికాయి, కొబ్బరికాయ కొట్టారు, వీరభద్రం నోటితోనే హారన్ కొట్టాడు. ట్రక్కు వెనక 'దిష్టి పెట్టకు' అని కూడా రాయించాడు. అది చదవాలంటే నేల మీద బోర్లా పడుకోవాలి.

ఇంక షాఫ్టుల నిర్వహణ మొదలైంది. 'కీళ్ళు కనపడనంతగా గ్రీజు పట్టించవలెను' అన్నది నిబంధన. లారీలకి వాడే గ్రీజు తుపాకీ తెచ్చారు. తుపాకీ ట్రక్కు కంటే పొడుగుంది. సాక్షులుగా ముగ్గురు ఉద్యోగులు నిలబడ్డారు. మెకానిక్కు ఒక్కసారి నొక్కాడు. కీళ్ళే కాదు, ట్రక్కే కనపడకుండా పోయింది. చేత్తో తడిమి వెతికి బయటికి తీశారు. నిబంధన ఇంత సంపూర్ణంగా అమలు కావడం తన సర్వీసులో చూడలేదని గవర్రాజు గారు మెచ్చుకున్నారు.

"గ్రీజు పెడితే ఇసక పట్టేస్తుంది సార్. షాఫ్టు బిగిసిపోయి పిన్ను తెగుతుంది. తుడిచి ఒక్క చుక్క నూనె వేస్తే చాలు," అని సువర్చల మొత్తుకుంది.

"చుక్క అనే కొలత నియమావళిలో లేదమ్మా," అన్నారు గవర్రాజు గారు జాలిగా.

ఇంకో నిబంధన ఉంది. 'తనిఖీ చేయువాడు వాహనము క్రింద వెల్లకిలా పరుండి షాఫ్టులను పరిశీలించవలెను.' ట్రక్కు కింద పిల్లి కూడా పడుకోలేదు. ఈ చిక్కు ఆఫీసునంతా కుదిపేసింది. చివరికి పరబ్రహ్మం గారే ఉదారంగా తన బల్ల మీది అద్దాన్ని ఇచ్చారు. రెండు బెంచీలు వేసి, వాటి మీద అద్దం పరిచి, అద్దం మీద ట్రక్కు పెట్టారు. మెకానిక్కు చాప వేసుకుని కింద పడుకుని పైకి చూశాడు. షాఫ్టులు గ్రీజులో ఉన్నాయి గనక ఏమీ కనపడలేదు. షెడ్డులో చల్లగా ఉంది. కాసేపటికి గురక వినిపించింది. లేచాక "కింద పడుకున్నానండి, చూశానండి," అని చెప్పి సంతకం పెట్టాడు. రెండు మాటలూ నిజమే గనక ఎవరూ తప్పు పట్టలేదు.

అప్పటినుంచి షాఫ్టుల సేవ ఎంత శ్రద్ధగా సాగిందంటే ట్రక్కుకి షెడ్డు దాటే తీరిక దొరకలేదు. ఇవాళ గ్రీజు పట్టించడం, రేపు పాత గ్రీజు తీయడం, ఎల్లుండి కింద పడుకోవడం, మధ్యలో సాక్షులకి జీడిపప్పు ఉప్మా. ఒకరోజు గవర్రాజు గారికి ఒక సత్యం బోధపడింది. నడిస్తే షాఫ్టు అరుగుతుంది. అరిగితే నిర్వహణలో లోపం ఉన్నట్టు లెక్క. కాబట్టి నడపకుండా ఉంచడాన్ని మించిన నిర్వహణ లేదు. ఈ సూత్రాన్ని పరబ్రహ్మం గారు పై ఆఫీసుకి రాస్తే వాళ్ళు ఎంతో ముచ్చటపడ్డారు. పక్క ఊళ్ళ వాళ్ళు వచ్చి అద్దం కింద పడుకుని చూసి వెళ్ళారు.

సువర్చల మాత్రం రోజూ ఆకాశం చూస్తోంది. తూర్పున మబ్బులు మెల్లగా పైకి లేస్తున్నాయి. మెస్సులో తాయారమ్మ ఇత్తడి గిన్నెలు ఒక్కొక్కటే తోమి అటక మీదికి ఎక్కిస్తోంది. అది చూడ్డం సువర్చలకి మరీ కష్టంగా ఉంది.

ఇంక లాభం లేదని పరబ్రహ్మం గారి గదికి వెళ్ళి, ఈసారి వాళ్ళ భాషలోనే మాట్లాడింది. "సార్, ఇంత గొప్పగా నిర్వహించబడుచున్న షాఫ్టులను ప్రజలకు ప్రదర్శింపవలసిన బాధ్యత మనపై ఉన్నది కదండీ. సంతవీధిలో ఒక్క ప్రయాణము..."

ప్రజలు చూస్తారన్న మాట ఆయనకి నచ్చింది. అనుమతి దొరికింది.

ఆ రోజు సంతవీధిలో ఊరేగింపే. ముందు ఈలలు ఊదుతూ ఇద్దరు, వెనక ఖాకీ బట్టల్లో రిమోటు పట్టుకుని వీరభద్రం, ఆ వెనక గవర్రాజు గారు, చివర సువర్చల. గొట్టం మూత వీధి చివర ఉంది. ట్రక్కు గ్రీజులో తడిసి, దారి పొడుగునా ఇసక అంటించుకుంటూ బయలుదేరింది. కూరగాయల దుకాణం దాకా ఎలాగో వచ్చింది. అక్కడ టిక్కుమని చప్పుడైంది. మోటారు గింగిర్లు తిరిగింది. బండి కదల్లేదు.

"షాఫ్టు పోయిందండోయ్!" అని వీరభద్రం కేకేశాడు. లారీ డ్రైవరుగా అతని చేతులు వాటంతటవే పనిలోకి దిగాయి. పరుగెత్తి రాళ్ళు తెచ్చి చక్రాల దగ్గర పెట్టాడు. వేపకొమ్మలు విరిచి, వెనక వచ్చే బళ్ళకి తెలియడానికి ట్రక్కు వెనక అడ్డంగా వేశాడు. ట్రక్కు ఆ కొమ్మల్లో మాయమైపోయింది. అటుగా వచ్చిన బస్సు కొమ్మలు చూసి మర్యాదగా ఆగిపోయింది. దాని వెనక ఆటోలు, ఎడ్లబండి, మోటారు సైకిళ్ళు అన్నీ ఆగాయి.

కూరగాయల మాణిక్యం కొమ్మలు పక్కకి తీసి చూసింది. "దీనికేంటండీ ఇంత హడావిడి? వంకాయల బుట్టలో ఏసి పక్కనెట్టనా?" అంది.

"చెయ్యెయ్యకండి!" అని గవర్రాజు గారు కంగారుగా అడ్డుపడ్డారు. "షాఫ్టు విరిగిన భారీ వాహనాన్ని ఉన్నచోటనే కింది నుంచి తనిఖీ చెయ్యాలి. అంతవరకూ కదపకూడదు."

సువర్చల చెయ్యి అప్పటికే సంచి జిప్పు మీదుంది. సంచిలో కొత్త పిన్నుంది, పట్టకారుంది. పక్కకి తీసుకెళ్ళి గ్రీజు తుడిచి పిన్ను మారిస్తే ట్రక్కు లేచి నడుస్తుంది. అప్పుడు తనకి ఛార్జి షీటు వస్తుంది. వస్తే రానీ అనుకుని జిప్పు సగం లాగింది. అంతలో చూపు రోడ్డు మీద పడింది. ఈ రోడ్డు కిందే గొట్టం. నాలుగు అంగలు వేస్తే సైకిలు షాపు. ఆ రంగురంగుల అడ్డు ఉన్నది సరిగ్గా దాని కిందే.

జిప్పు మెల్లగా మూసేసింది.

"నిజమే సార్," అంది వినయంగా. "మరి కింద పడుకుని చూడాలి కదండీ? ఇక్కడ అద్దం వెయ్యడానికి లేదు. ట్రక్కుని ఎత్తకూడదాయె. కింద జాగా ఎలా వస్తుందండీ?"

గవర్రాజు గారు నుదురు రుద్దుకున్నారు. "గుంట. వాహన తనిఖీ గుంట తవ్వాలి. నియమావళిలో ఉంది."

"రోడ్ల శాఖ వాళ్ళు ఒప్పుకుంటారాండీ?"

"అత్యవసర తనిఖీ గుంటకి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అదీ నియమావళిలోనే ఉంది." అని, ఆయన గొంతు సవరించుకున్నారు. "లోతు మనిషి నిలబడేంత ఉండాలి."

"పొడవో సార్? ట్రక్కు పొడవా, భారీ వాహనం పొడవా?"

"గుంట ఎప్పుడూ భారీ వాహనం పొడవే."

"ఎటువైపు తవ్వించమంటారు?"

గవర్రాజు గారు ఆమె మొహంలోకి చూశారు. తర్వాత వీధి అవతల తాయారమ్మ గారి మెస్సు వైపు చూశారు. "మీరు ఇంజనీరు కదమ్మా. మీరే గీయండి," అన్నారు.

సువర్చల సుద్దముక్క తీసుకుని ట్రక్కు దగ్గర మొదలుపెట్టి సైకిలు షాపు గుమ్మం దాకా గీత గీసింది. గీత తిన్నగా వచ్చింది.

మనుషులొచ్చారు. గునపాలు పడ్డాయి. ట్రక్కు కింద బల్లచెక్క దూర్చి, వాహనాన్ని కదపకుండానే కింది మట్టి తీశారు. గుంట దిగుతుండగానే వాన మొదలైంది. ముందు చినుకులు, తర్వాత కుండపోత. వీధిలో నీళ్ళు లేవడం మొదలైంది. మెస్సు గడప మీద తాయారమ్మ నిలబడి ఉంది. కొంగు నడుముకి దోపుకుని, చేతిలో తాళంకప్ప పట్టుకుని ఉంది.

"తొందరగా కానివ్వండయ్యా! తనిఖీ ఆలస్యం కాకూడదు!" అని గవర్రాజు గారు గుంట అంచున తడుస్తూ కేకలేస్తున్నారు. ఆయన చూపు మాత్రం ట్రక్కు మీద లేదు, మెస్సు గడప మీదుంది. సువర్చల అది గమనించింది.

నీళ్ళు గడప మొదటి మెట్టెక్కాయి. రెండో మెట్టు దగ్గర పడ్డాయి. అప్పుడు గునపం ఠంగుమంది.

పాత గొట్టం, బీటలు వారి ఉంది. పెంకు ఊడదీస్తే లోపల రంగురంగుల ముద్ద గట్టిగా ఇరుక్కుని కనపడింది. నలుగురు పట్టి లాగారు. రాలేదు. వీరభద్రం ఖాకీ చొక్కా విప్పి దిగాడు. "ఓలమ్మో, ఇది లారీ కన్నా బరువండోయ్," అంటూ కాళ్ళు తన్నిపెట్టి లాగాడు. ముద్ద పెద్ద శబ్దంతో ఊడి వచ్చింది. దాని వెనక నీళ్ళు సుడి తిరుగుతూ గొట్టంలోకి దిగిపోయాయి. వీధిలో నీళ్ళు ఒక్కసారి తడబడి, వెనక్కి తిరిగి, గుంటకేసి పరుగు తీశాయి. జనం ఈలలు వేశారు.

అప్పుడే గొడుగు కింద పరబ్రహ్మం గారు వేంచేశారు. వీరభద్రం ముద్దని విప్పి రోడ్డు మీద పరిచాడు. అది పెద్ద ఫ్లెక్సీ. మీద 'మురుగు కాలువల సంరక్షణ వారోత్సవములు' అని ఉంది. కింద రెండు చేతులూ జోడించి, నిండుగా నవ్వుతూ పరబ్రహ్మం గారు.

పరబ్రహ్మం గారు ఫ్లెక్సీలోని పరబ్రహ్మం గారి కేసి చాలాసేపు చూశారు.

"మా సందేశము క్షేత్రస్థాయిలో ఎంత లోతునకు వెళ్ళినదో అందరూ చూచితిరి కదా," అన్నారు చివరికి.

గుంటలో మెకానిక్కు మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, బల్లచెక్క సందులోంచి పైకి చూసి, "షాఫ్టు పిన్ను తెగిందండి. కింది నుంచి చూశానండి," అని ప్రకటించాడు. ఈసారి అతను నిజంగానే చూశాడు.

తాయారమ్మ రెండో మెట్టు మీదికి దిగి వచ్చి, కాలి వేలితో తడిమి చూసుకుంది. చూరు కింద మెట్టు పొడిగా ఉంది. ఆవిడ తాళంకప్పని బొడ్లో దోపుకుని, లోపలికి వెళ్ళి పొయ్యి వెలిగించింది. సువర్చల వాన నీళ్ళతో కలిపి కళ్ళు తుడుచుకుంది.

రోడ్ల శాఖ వారు గుంట గురించి ఘాటుగా రాశారు. గుంట మాది కాదు, ట్రక్కుది అని పరబ్రహ్మం గారు జవాబిచ్చారు. ట్రక్కుకి ఉత్తరం రాసే పద్ధతి వాళ్ళ దగ్గర లేక ఊరుకున్నారు. డ్రైవ్ షాఫ్టుల సకాల తనిఖీ వల్ల పట్టణానికి ముంపు తప్పిందని పరబ్రహ్మం గారు పైకి నివేదిక పంపారు. అందులో అబద్ధం వెతికి పట్టుకోవడం సువర్చలకి కూడా చేతకాలేదు. ట్రక్కుకి ఉత్తమ వాహనంగా ప్రశంసాపత్రం వచ్చింది. వీరభద్రం దాన్ని పటం కట్టించి షెడ్డులో తన పాత లారీ ఫోటో పక్కన తగిలించాడు.

వానలు కాస్త తెరిపిచ్చాక ఒక పొద్దున్న సువర్చల మళ్ళీ మెస్సులో బల్ల మీద ట్రక్కుని తిరగేసుకుని కూర్చుంది. గ్రీజంతా గోకి తీసేసింది. షాఫ్టు విప్పింది, ఇసక దులిపింది, సంచిలోంచి కొత్త పిన్ను తీసి కీలులో పెట్టింది. తలెత్తేసరికి పక్కబల్ల దగ్గర గవర్రాజు గారు. విప్పిన షాఫ్టు ఆమె వేళ్ళ మధ్యనే ఉంది. అల్లపు చట్నీ సమీపంలోనే ఉంది.

గవర్రాజు గారు లేచారు. కుర్చీని మెల్లగా తిప్పుకుని, గోడ వైపు మొహం పెట్టుకుని మళ్ళీ కూర్చున్నారు.

"తాయారమ్మ గారూ, ఈ గోడకి వేసిన రంగు ఎంత బావుందండీ. నేనెప్పుడూ సరిగ్గా చూడనే లేదు. ఇంకో పెసరట్టు వెయ్యండి. నిదానంగానే వెయ్యండి," అన్నారు.

సువర్చల కీలుకొక చుక్క నూనె వేసింది. గుమ్మం దగ్గర వీరభద్రం ఇస్త్రీ ఖాకీల్లో నిలబడి ఉన్నాడు. అతని వెనక కుమ్మరి వీధి వాళ్ళు, గుడ్డల బజారు వాళ్ళు, పాత ఆసుపత్రి సందు వాళ్ళు బారులు తీరి నిలబడ్డారు. అందరి వీధుల్లోనూ గొట్టాలున్నాయి. అన్నీ పూడిపోయే ఉన్నాయి.

వీరభద్రం రిమోటు చంకన పెట్టుకుని, చేతులు కట్టుకుని అడిగాడు.

"రేపు ఏ వీధిలో చెడిపోమంటారండీ, మేడం గారూ?"